డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజిన్: వాల్వులకు మసి పట్టకుండా చూసుకోవడం, పట్టాక శుభ్రం చేయడం

పెట్రోల్ ట్యాంకులో ఎంత ఖరీదైన క్లీనర్ సీసా ఒంపినా, డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్‌లోని ఇన్‌టేక్ వాల్వుల (సిలిండర్‌లోకి గాలిని రానిచ్చే మూతల) మీది మసి రవ్వంత కూడా ఊడిరాదు. ఆ ఇంజిన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే వెళ్తుంది, ఆ వాల్వులను తాకనే తాకదు గనుక. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే, మసి గురించి మార్కెట్లో వినిపించే సలహాల్లో సగం వాటంతటవే పక్కకు పోతాయి. వాల్వుల మీది మసికి ముఖ్యమైన ముడిసరుకు ఇంజిన్ ఆయిల్. కాబట్టి నివారణ ఆయిల్ దగ్గర మొదలు కావాలి. శుభ్రం చేసే పని మాత్రం వాల్వును కెమెరాతోనో కంటితోనో చూసిన తరువాతే మొదలుపెట్టాలి. చూడకుండా, కిలోమీటర్ల లెక్క చెప్పి చేసే డీకార్బనైజింగ్‌కు (మసి తీసే పనికి) పెట్టే డబ్బు చాలాసార్లు దండగే.

ముందుగా మీ ఇంజిన్ ఏ రకమో తేల్చుకోండి

మన దేశంలో ఇప్పుడు అమ్ముడయ్యే పెట్రోల్ కార్లన్నీ డైరెక్ట్ ఇంజెక్షన్‌వి కావు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలోని టీఎస్ఐ ఇంజిన్లు, హ్యుందాయ్, కియా కార్లలోని టీ-జీడీఐ ఇంజిన్లు, మహీంద్రా ఎంస్టాలియన్ టీజీడీఐ ఇంజిన్లు, టాటా కర్వ్‌లో వచ్చిన హైపెరియాన్ ఇంజిన్, మారుతి ఫ్రాంక్స్‌లోని 1.0 లీటర్ బూస్టర్‌జెట్ టర్బో ఇంజిన్ డైరెక్ట్ ఇంజెక్షన్ రకానివి. పేరులో జీడీఐ అనో టీఎస్ఐ అనో ఉంటే ఈ వ్యాసం మీకోసమే. ఎంపీఐ, ఎంపీఎఫ్ఐ (పెట్రోల్‌ను గాలి దారిలో చిమ్మే పాత పద్ధతి) అని ఉంటే మీకు ఈ బెడద చాలావరకు లేనట్టే. ఒకే మోడల్‌లో రెండు రకాలూ ఉండవచ్చు. ఉదాహరణకు మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓలో 1.2 లీటర్ టర్బో పెట్రోల్ ఇంజిన్ ఎంపీఎఫ్ఐ రూపంలోనూ, టీజీడీఐ రూపంలోనూ దొరుకుతుంది. అందువల్ల పక్కింటివారి కారుకు మసి పట్టలేదని మీ కారుకూ పట్టదనుకోవడానికి లేదు. డీజిల్ కార్లలోనూ ఇంధనం నేరుగా సిలిండర్‌లోకే వెళ్తుంది గానీ, వాటి మానిఫోల్డులో (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల భాగంలో) పేరుకొనే మసికి, కాలిన పొగను కొంత వెనక్కి పంపే ఈజీఆర్ వాల్వు గుండా తిరిగివచ్చే పొగ పెద్ద కారణం. దాని వైద్యం వేరు, ఇక్కడ దాని జోలికి వెళ్లడం లేదు.

మసి ఎక్కడినుంచి వస్తుంది

పాత పద్ధతి పోర్ట్ ఇంజెక్షన్‌లో ఇంజెక్టర్ గాలి వచ్చే దారిలో ఉండి, మూడు నాలుగు బార్ల ఒత్తిడితో పెట్రోల్‌ను నేరుగా ఇన్‌టేక్ వాల్వు వీపు మీదికి చిమ్ముతుంది. పెట్రోల్ తానే మంచి ద్రావకం. దానికి తోడు అందులో కలిపే డిటర్జెంట్లు కూడా ఉంటాయి. అంటే బండి నడిచినంతసేపూ వాల్వుకు స్నానం జరుగుతూనే ఉంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో ఇంజెక్టర్ మొన సిలిండర్ లోపలే ఉంటుంది. సుమారు 200 నుంచి 350 బార్ల ఒత్తిడితో పెట్రోల్ అక్కడే విడుదలవుతుంది. మండే గదిని లోపలినుంచి చల్లబరుస్తుంది కాబట్టి నాకింగ్ (మిశ్రమం వేళతప్పి మండటం) తగ్గుతుంది, కంప్రెషన్ పెంచుకోవచ్చు, చిన్న ఇంజిన్ నుంచి ఎక్కువ బలం రాబట్టుకోవచ్చు. ఇంత లాభానికి చెల్లించే మూల్యమే వాల్వుల మీది మసి.

పిస్టన్ రింగులు ఎంత బిగుతుగా ఉన్నా, మండిన వాయువు కొంత వాటి పక్కనుంచి కిందికి, ఆయిల్ ఉండే క్రాంక్‌కేసులోకి జారుతుంది. అక్కడ చిలికినట్టు తిరిగే ఆయిల్‌తో కలిసి ఆవిరిగా, సన్నటి తుంపరగా మారుతుంది. దాన్ని బయటి గాలిలోకి వదలడానికి కాలుష్య నిబంధనలు ఒప్పుకోవు గనుక, పీసీవీ అనే ఏర్పాటు ద్వారా తిరిగి ఇన్‌టేక్‌లోకే పంపి కాల్చేస్తారు. ఈ దారిలో ఆయిల్‌ను విడదీసే సెపరేటర్ ఉంటుంది గానీ అది పూర్తిగా విడదీయలేదు. మిగిలిన జిడ్డు గాలితో పాటు వచ్చి వాల్వు మెడకు అంటుకుంటుంది. వాల్వు కాడ పక్కనుంచి సీల్ దాటి దిగే ఆయిల్ కొంత దానికి తోడవుతుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒక్క క్షణం కలిసి తెరుచుకొని ఉండే సమయంలో వెనక్కి తన్నే వేడి పొగ ఆ జిడ్డు మీద మసిని అద్దుతుంది. ఇన్‌టేక్ వాల్వు వేడి ఎగ్జాస్ట్ వాల్వు వేడి కంటే చాలా తక్కువ. జిడ్డును గట్టిపరచడానికి ఆ వేడి చాలుతుంది, కాల్చి బూడిద చేయడానికి చాలదు. నూనె రాసి తోమకుండా వదిలేసిన దోసె పెనం అంచున పొర మీద పొరగా కట్టే మాడు ఎలా తయారవుతుందో, ఇదీ అలాగే తయారవుతుంది.

ఇది కొత్తగా బయటపడిన లోపమేమీ కాదు. పెద్ద సంఖ్యలో తయారైన కార్లలో ఆధునిక డైరెక్ట్ ఇంజెక్షన్‌ను 1996లో మిత్సుబిషి గ్యాలంట్‌తో తెచ్చింది. ఆ తరువాతి దశాబ్దంలో ఆడి ఎఫ్ఎస్ఐ ఇంజిన్లు, బీఎండబ్ల్యూ ఎన్54 వంటివి మసి విషయంలో అపకీర్తి మూటగట్టుకున్నాయి. టయోటా 2005 నాటికే డీ-4ఎస్ పేరుతో ఒక్కో సిలిండర్‌కు రెండు ఇంజెక్టర్లు, ఒకటి లోపల, ఒకటి గాలి దారిలో, పెట్టడం మొదలుపెట్టింది. ఫోర్డ్ కూడా 2017 ఎఫ్-150లోని 3.5 లీటర్ ఎకోబూస్ట్‌కు అదే పని చేసింది. ఖర్చు పెరుగుతుంది గనుక మన మార్కెట్లోని చిన్న టర్బోలకు ఆ భాగ్యం సాధారణంగా దక్కదు. అయితే సెపరేటర్ల తయారీ, వాల్వులు తెరుచుకొనే సమయాల నియంత్రణ బాగా మెరుగుపడ్డాయి కాబట్టి, నేటి ఇంజిన్లు ఆనాటి వాటిలా యాభై వేల కిలోమీటర్లకే మొరాయించడం అరుదు. విదేశీ యజమానుల పదిహేనేళ్ల కిందటి గోడు చదివి కొత్త కారు యజమానులు బెంబేలెత్తనక్కరలేదు.

నివారణ: ఆయిల్‌తోనే మొదలు

కారు మాన్యువల్‌లో ఏ ఆమోదం ఉన్న ఆయిల్ వాడమన్నారో అదే వాడాలి. డబ్బా ముందు వైపు 0డబ్ల్యూ-20 అనో 5డబ్ల్యూ-30 అనో చిక్కదనం గ్రేడు ఉంటే సరిపోదు. ఫోక్స్‌వ్యాగన్ వారి 508 00 లేదా 504 00 వంటి తయారీదారు ఆమోదం గానీ, అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) వారి ఎస్పీ వంటి ప్రమాణం గానీ డబ్బా వెనుక ఉందో లేదో చదవాలి. ఏపీఐ ఎస్పీకి ప్రత్యేకించి ఒక అర్థం ఉంది. తక్కువ ఆర్పీఎంలో టర్బో ఇంజిన్ మీద బరువు పడ్డప్పుడు స్పార్క్ కంటే ముందే మిశ్రమం మండిపోయి పిస్టన్‌ను పగలగొట్టే ప్రమాదం డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోలకు ఉంది. ఆ ప్రమాదం తగ్గేలా ఆయిల్ తయారైందా లేదా అని ఈ ప్రమాణం పరీక్షిస్తుంది.

ఇంకొంచెం లోతుకు వెళ్లదలచినవారు ఆ ఆయిల్ సాంకేతిక వివరాల పత్రం తెచ్చుకొని అందులో నోవాక్ అనే అంకె చూడాలి. ఆయిల్‌ను 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు ఉంచితే ఎంత శాతం ఆవిరై పోతుందో అది చెబుతుంది. ఎస్పీతో జంటగా నడిచే ఐఎల్‌శాక్ జీఎఫ్-6 అనే మరో ఆయిల్ ప్రమాణం 15 శాతం వరకు ఒప్పుకుంటుంది. పది శాతానికి అటూ ఇటూ ఉన్న మంచి సింథటిక్ ఆయిల్ దొరికితే దానికే నా ఓటు, ఎందుకంటే ఆవిరి అయ్యే ఆయిల్ ఎంత తగ్గితే పీసీవీ గుండా వాల్వు దాకా ప్రయాణించేది అంత తగ్గుతుంది. కొన్ని కంపెనీలు ఈ అంకెను పత్రంలో ముద్రించవు. అలాంటప్పుడు తయారీదారు ఆమోదాన్నే నమ్ముకోవాలి.

ఆయిల్ మార్చే గడువు విషయంలో మాన్యువల్‌లో ఉండే 10,000 లేదా 15,000 కిలోమీటర్ల అంకె పక్కనే, కఠిన పరిస్థితుల్లో ముందుగా మార్చాలనే మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది. హైదరాబాద్‌లో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి రోజూ ట్రాఫిక్‌లో నడిచే బండి, మే నెల ఎండలో ఏసీ వేసుకొని గంటల తరబడి ఐడ్లింగ్‌లో నిలబడే బండి, ఇంటినుంచి స్కూలుకు మూడు కిలోమీటర్లు వెళ్లి ఆగిపోయే బండి, ఇవన్నీ కఠిన పరిస్థితుల కిందికే వస్తాయి. ఓడోమీటర్ కదలకపోయినా ఇంజిన్ గంటలు కదులుతూనే ఉంటాయి. ఇటువంటి వాడకానికి 7,500 కిలోమీటర్లు లేదా ఎనిమిది తొమ్మిది నెలలు, ఏది ముందైతే అది, సరైన గడువని నా అభిప్రాయం. వారాంతాల్లో విజయవాడ హైవే మీదే ఎక్కువ తిరిగే బండికి కంపెనీ గడువే చాలు.

ఆయిల్ మట్టం గురించి ఎవరూ పట్టించుకోరు గానీ అది చాలా ముఖ్యం. సర్వీసు నుంచి బండి వచ్చిన మర్నాటి ఉదయం, స్టార్ట్ చేయకముందే, సమతలమైన చోట డిప్‌స్టిక్ తీసి చూడండి. మట్టం గరిష్ఠ గీతకు పైన ఉంటే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ను నురగ కట్టిస్తుంది, ఆ నురగ పీసీవీలోకి పోతుంది, సెపరేటర్ ఎంత మంచిదైనా చేతులెత్తేస్తుంది. ఎక్కువైతే తీయించండి; అర లీటరే కదా అని ఊరుకోవద్దు. రెండు సర్వీసుల మధ్య మట్టం దానంతట అదే పెరుగుతూ, డిప్‌స్టిక్‌కు పెట్రోల్ వాసన వస్తుంటే, చిన్న చిన్న ప్రయాణాల వల్ల కాలని పెట్రోల్ ఆయిల్‌లో కలుస్తోందని అర్థం. అప్పుడు ఆయిల్ పలచబడుతుంది, ఆవిరీ పెరుగుతుంది. గడువు దాకా ఆగకుండా మార్పించాలి.

నడిపే తీరు కూడా దీనికి తోడ్పడుతుంది, అయితే దానికి ఉన్న హద్దు తెలుసుకోవాలి. పొద్దున్నే స్టార్ట్ చేసి పది నిమిషాలు నిలబెట్టి వేడి చేయడం వల్ల మేలు లేదు. అర నిమిషం ఆగి, మెల్లగా బయలుదేరి, ఇంజిన్ వేడెక్కే దాకా యాక్సిలరేటర్ లోతుగా నొక్కకపోతే చాలు. మీటర్‌లోని ఉష్ణోగ్రత ముల్లు మధ్యకు వచ్చినా అది కూలెంట్ వేడి మాత్రమే. ఆయిల్ పూర్తిగా వేడెక్కడానికి ఇంకొన్ని కిలోమీటర్లు పడుతుంది. మాన్యువల్ గేరు బండిలో మైలేజీ కోసం 45 కిలోమీటర్ల వేగానికే ఆరో గేరు వేసి ఈడ్చడం డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోలకు మంచిది కాదు, పైన చెప్పిన ముందస్తు మంటకు అదే అనువైన సమయం. వారానికో పది రోజులకో ఒకసారి ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట అరగంట పాటు, గేరు కొంచెం దించి, 2,500–3,500 ఆర్పీఎం మధ్య ఆగకుండా నడిపితే ఆయిల్‌లోని నీరు, పెట్రోల్ ఆవిరై పోతాయి, ఇంజెక్టర్ మొన, పిస్టన్ తల కొంత శుభ్రపడతాయి. కానీ వాల్వు మెడ మీద ఇప్పటికే గట్టిపడిన మసిని ఏ వేగమూ ఊడ్చిపారేయలేదు.

పెట్రోల్ విషయానికొస్తే, డిటర్జెంట్ ఎక్కువగా ఉన్న బ్రాండెడ్ పెట్రోల్ గానీ, పాలీఈథర్ అమీన్ అనే డిటర్జెంట్ ఉన్న క్లీనర్ గానీ ఇంజెక్టర్ మొనను, మండే గదిని శుభ్రంగా ఉంచడానికి నిజంగానే పనికొస్తాయి. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజెక్టర్ నిత్యం మంటలోనే ఉంటుంది గనుక దానికి ఆ సాయం అవసరమే. ఆయిల్ మార్చడానికి ముందు ట్యాంకులో ఒక సీసా వేయడం మంచి అలవాటు. ఆ సీసా మీద వాల్వులు మెరిసిపోతున్న బొమ్మ ఉంటే, అది పోర్ట్ ఇంజెక్షన్ బండి వాల్వు అనుకోండి. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్‌కూ ఇదే వర్తిస్తుంది. ఇథనాల్ మంచి ద్రావకమే అయినా వాల్వును చేరనప్పుడు దాన్ని కడగలేదు.

క్యాచ్ క్యాన్ బిగిస్తే సరిపోతుందని చాలామంది అంటారు. పీసీవీ గొట్టానికీ ఇన్‌టేక్‌కూ మధ్య ఈ డబ్బాను పెడితే ఆవిరిలోని ఆయిల్ కొంత అందులో పడుతుంది. లోపల జల్లెడ పొరలున్న మంచి డబ్బా అయితే ఫలితం కనిపిస్తుంది, ఖాళీ డబ్బా అయితే అలంకారమే. దాన్ని తరచుగా ఖాళీ చేయాలి, వానాకాలంలో నీరు చేరుతుంది గనుక ఇంకా తరచుగా. రెండు పక్కలా గొట్టాలు కలిపి ఉండాలే తప్ప ఒక కొసను బయటి గాలికి వదలకూడదు. వారంటీ ఉన్న బండికి మాత్రం పెట్టించవద్దు. టర్బో సీల్ దగ్గర ఆయిల్ కారినా, ఆ డబ్బాను చూపించి క్లెయిమ్ తోసిపుచ్చడానికి అవకాశం ఇచ్చినవారవుతారు.

అనుమానం వస్తే: మసిని చివరగా నిందించండి

మసి బాగా పట్టిన ఇంజిన్ ఉదయం చల్లగా స్టార్ట్ చేసినప్పుడు అర నిమిషమో నిమిషమో వణికి తరువాత సర్దుకుంటుంది. ఆ వణుకు రోజురోజుకూ ఎక్కువసేపు ఉంటుంది. తరువాత తరువాత పికప్ మందగిస్తుంది, మైలేజీ కొంచెం పడిపోతుంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, స్కానర్‌లో పీ0300 లేదా పీ0301 నుంచి పీ0304 వరకు మిస్‌ఫైర్ (సిలిండర్‌లో మిశ్రమం సరిగా మండకపోవడం) కోడ్‌లు కనిపిస్తాయి. చిక్కేమిటంటే, అరిగిన స్పార్క్ ప్లగ్, చెడిన కాయిల్ (ప్లగ్‌కు కరెంటు ఇచ్చేది), కారుతున్న ఇంజెక్టర్, చిరిగిన పీసీవీ డయాఫ్రం (పలుచని రబ్బరు పొర) కూడా అచ్చం ఇవే లక్షణాలు చూపిస్తాయి. వాటిని సరిచూసే ఖర్చు మసి తీసే ఖర్చులో కొద్ది భాగమే. కాబట్టి ముందు వాటిని తేల్చాలి.

బ్లూటూత్ స్కానర్ ఒకటి, ఫోనులో ఒక యాప్ ఉంటే సిలిండర్ వారీగా మిస్‌ఫైర్ లెక్క చాలా కార్లలో చూడవచ్చు. రాత్రంతా ఆగిన బండిని స్టార్ట్ చేసేటప్పుడే ఆ లెక్క చూడాలి. వేడెక్కాక చూస్తే అన్నీ సున్నాలే కనిపిస్తాయి. రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్ ఉందనుకుందాం. దాని కాయిల్‌ను మూడో సిలిండర్‌కు, మూడోదాన్ని రెండోదానికి మార్చి మర్నాడు మళ్లీ చూడండి. మిస్‌ఫైర్ కాయిల్ వెంట మూడోదానికి వెళ్తే దోషం కాయిల్‌ది. కదలకపోతే ప్లగ్‌లను కూడా అలాగే మార్చి చూడండి. అదీ కాకపోతే, ఐడ్లింగ్‌లో ఉన్న ఇంజిన్ మీద ఆయిల్ పోసే మూతను జాగ్రత్తగా తిప్పి ఎత్తి చూడండి. చాలా ఇంజిన్లలో కొద్దిగా లాగినట్టు మాత్రమే అనిపించాలి. మూత గట్టిగా పీల్చుకుపోయి రాకపోయినా, ఈలలాంటి చప్పుడు వచ్చి మూత తీయగానే ఆ చప్పుడు ఆగినా పీసీవీ డయాఫ్రం చిరిగిందని అనుమానించాలి. చిరిగిన డయాఫ్రం మార్చకుండా వాల్వులు శుభ్రం చేయిస్తే, ఏడాది తిరిగేసరికి మళ్లీ అదే స్థితి.

ఇవన్నీ సరిగా ఉండి, ఒకటికి మించిన సిలిండర్లలో చలిపూట మిస్‌ఫైర్ కనిపిస్తుంటే అప్పుడు వాల్వుల వైపు చూడాలి.

వాల్వును ఎలా చూడాలి

ఆరు మిల్లీమీటర్ల కంటే సన్నటి బోరోస్కోప్ కెమెరా ఆన్‌లైన్‌లో తేలిగ్గానే దొరుకుతుంది. కొన్ని ఇంజిన్లలో థ్రాటిల్ బాడీ (లోపలికి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) విప్పి అక్కడినుంచి కెమెరాను మానిఫోల్డు గుండా వాల్వు దాకా పంపవచ్చు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా 1.0 టీఎస్ఐలో అది కుదరదు, ఎందుకంటే ఆ ఇంజిన్‌లో నీటితో చల్లబడే ఇంటర్‌కూలర్‌ను (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే భాగాన్ని) మానిఫోల్డు లోపలే అమర్చారు. దాని రెక్కలు దారికి అడ్డంగా ఉంటాయి. అక్కడ మానిఫోల్డు విప్పాలి, లేదా మొన వంగే రకం కెమెరా తీసుకొని స్పార్క్ ప్లగ్ రంధ్రం గుండా దింపాలి. క్రాంక్ పుల్లీ బోల్టును సాకెట్‌తో ఇంజిన్ తిరిగే వైపే చేత్తో తిప్పుతూ, ఆ సిలిండర్ ఇన్‌టేక్ వాల్వు పూర్తిగా కిందికి దిగిన చోట ఆపి, కెమెరా మొనను పైకి వంచితే తెరుచుకున్న వాల్వు వీపు భాగం కనిపిస్తుంది. కెమెరా లోపల ఉండగా క్రాంక్‌ను కదపకూడదు.

నల్లటి పలుచని పొర, దాని కింద లోహపు ఆకారం స్పష్టంగా ఉంటే ఏమీ చేయనక్కరలేదు. కొత్త ఇంజిన్‌లో కూడా కొద్ది నెలల్లోనే అంతమాత్రం పడుతుంది. కాడ చుట్టూ పొడి పెంకు కట్టి, అక్కడక్కడ పగుళ్లు కనిపిస్తుంటే ఫోటో తీసి దాచుకొని ఇరవై వేల కిలోమీటర్ల తరువాత మళ్లీ చూడవచ్చు. కాడ, తల కలిసే ఒంపు మొత్తం గడ్డలతో నిండిపోయి, గాలి పోయే సందు ఇరుకైపోతే, లేదా మసి వాల్వు కూర్చునే అంచు దాకా పాకితే శుభ్రం చేయించాలి. నగరంలో తిరిగే బండికి మొదటిసారి 60,000–80,000 కిలోమీటర్ల మధ్య, ప్లగ్‌లు మార్చే సమయంలోనే ఇలా చూడటం తగినది, ఎలాగూ ప్లగ్‌లు విప్పుతారు గనుక.

ఏ పద్ధతి ఎందుకు

రోడ్డు పక్క చిన్న బండి మీద యంత్రం పెట్టుకొని ఆక్సీహైడ్రోజన్ వాయువును ఇన్‌టేక్‌లోకి పంపి అరగంటలో డీకార్బనైజింగ్ చేస్తామనే వారు ఇప్పుడు ప్రతి పట్టణంలో ఉన్నారు. ఆ వాయువు మండేది సిలిండర్ లోపల. వాల్వు వీపు దగ్గర అది కేవలం గాలితో కలిసి ప్రయాణిస్తుంది. గట్టిపడిన మసి మీద దానికి పట్టు ఎలా దొరుకుతుందో ఎవరూ వాల్వు ఫోటోలతో చూపించగా నేను చూడలేదు. ముందు, తరువాత వాల్వు ఫోటోలు చూపించమని అడగండి. సైలెన్సర్ పొగ కొలత చూపిస్తే అది జవాబు కాదు.

ఇంజిన్ నడుస్తుండగా గాలి దారిలోకి చిమ్మే ఏరోసాల్ క్లీనర్లు కొంతవరకు పనిచేస్తాయి. పొర పలుచగా, ఇంకా జిడ్డుగా ఉన్నప్పుడే ఫలితం కనిపిస్తుంది. ఇవి వాడేటప్పుడు ఇంజిన్‌ను పూర్తిగా వేడి చేసి, గాలి కొలిచే సెన్సర్ దాటిన తరువాతి చోటినుంచి, సుమారు 2,000 ఆర్పీఎం దగ్గర, ఒకేసారి కాకుండా ఆగి ఆగి చిమ్మాలి. తరువాత ఇంజిన్ ఆపి గంటసేపు నాననిచ్చి హైవే మీద నడపాలి. టర్బో బండిలో మాత్రం నాకు ఈ పద్ధతి మీద మోజు లేదు. ద్రవం ఇంటర్‌కూలర్‌లో నిలిచి ఒక్కసారిగా లోపలికి వెళ్లవచ్చు. ఊడిన గట్టి మసి ముక్క టర్బైన్ రెక్కలను తాకవచ్చు. కొందరు తయారీదారులు టర్బో ఇంజిన్లలో దీన్ని స్పష్టంగా వద్దన్నారు. ఇంటర్‌కూలర్ మానిఫోల్డులోనే ఉన్న ఇంజిన్లో ద్రవం వాల్వును చేరేలోపే రెక్కల మీద మిగిలిపోతుంది.

మానిఫోల్డు విప్పి, మూసి ఉన్న వాల్వు మీద క్లీనర్ పోసి నానబెట్టి, నైలాన్ బ్రష్‌తోనూ ప్లాస్టిక్ పుల్లతోనూ గీకి తీయడం ఖర్చు తక్కువ, శ్రమ ఎక్కువ, ఫలితం నమ్మకమైనది. వాల్నట్ పెంకుల పొడిని గాలి ఒత్తిడితో చిమ్మే బ్లాస్టింగ్ వేగంగా, నున్నగా శుభ్రం చేస్తుంది. బీఎండబ్ల్యూ దీనికి ప్రత్యేక పరికరాలే తయారు చేయించింది. ఆ పెంకు మసి కంటే గట్టిది, వాల్వు లోహం కంటే మెత్తనిది. ఇసుకా గాజుపూసలూ మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. ఒక్క రేణువు సిలిండర్ గోడ దగ్గర చిక్కినా గీత పడుతుంది.

వాల్నట్ బ్లాస్టింగ్, వరుసగా

ఇంటి దగ్గర చేయాలనుకొనేవారికి టార్క్ రెంచ్, ఆ ఇంజిన్ వర్క్‌షాప్ మాన్యువల్, మానిఫోల్డు కొత్త గ్యాస్కెట్లు, పోర్టు ఆకారానికి సరిపోయే అడాప్టర్, బ్లాస్టింగ్ గన్, వాక్యూమ్ క్లీనర్, పెద్ద ట్యాంకు ఉన్న కంప్రెసర్ కావాలి. టైర్లలో గాలి నింపే చిన్న పోర్టబుల్ కంప్రెసర్ పది సెకన్లలో చతికిలపడుతుంది. ఇవి లేకపోతే ఆటోనగర్‌లో ఈ పని చేసే గ్యారేజీని వెతకడమే మేలు. అప్పుడు కూడా కింది వరుస తెలిస్తే ఏం చేస్తున్నారో గమనించవచ్చు.

1. బండి రాత్రంతా చల్లారాలి. పెట్రోల్ పంపు ఫ్యూజ్ తీసి ఇంజిన్ దానంతట అదే ఆగిపోయేదాకా నడిపి, తక్కువ ఒత్తిడి లైను ఖాళీ చేసి, తరువాత బ్యాటరీ నెగటివ్ విప్పాలి. ఎక్కువ ఒత్తిడి పైపు జోలికి అవసరం లేకుండా వెళ్లకూడదు. అందులోని పెట్రోల్ చర్మాన్ని చీల్చుకుపోగలదు.

2. మానిఫోల్డు చుట్టూ ఉన్న దుమ్మును గాలితో ఊది, బ్రష్‌తో తుడవాలి, విప్పిన తరువాత ఆ దుమ్మంతా పోర్టులలో పడుతుంది గనుక. ప్రతి కనెక్టర్‌కూ విప్పేముందు ఫోటో తీసుకోవాలి. మానిఫోల్డులో కూలెంట్ ఇంటర్‌కూలర్ ఉంటే ముందుగా కూలెంట్ దింపి గొట్టాల మూతులు బిగించాలి.

3. మానిఫోల్డు తీయగానే పని చేయని పోర్టులన్నిటినీ పీచు ఊడని బట్టతో మూసి, దాని మీద టేపు అంటించాలి. ఒక్క నట్టు లోపల పడినా హెడ్ విప్పాల్సి వస్తుంది.

4. స్పార్క్ ప్లగ్‌లు తీస్తే క్రాంక్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. పని మొదలుపెట్టే సిలిండర్‌ను కంప్రెషన్ చివర పిస్టన్ పైకి చేరిన స్థితికి తెచ్చి, టార్చి వేసి రెండు ఇన్‌టేక్ వాల్వులూ పూర్తిగా మూసుకున్నాయని కంటితో నిర్ధారించుకోవాలి. ఇది ఈ మొత్తం పనిలో అతి ముఖ్యమైన మెట్టు. అనుమానం ఉంటే కొన్ని చుక్కల క్లీనర్ పోసి రెండు నిమిషాలు చూడండి. మట్టం తగ్గుతుంటే వాల్వు తెరిచి ఉన్నట్టే. చూడటం అయ్యాక ప్లగ్‌ల రంధ్రాలు మూసేయాలి.

5. మసి బాగా గట్టిగా ఉంటే క్లీనర్ పోసి అరగంట నానబెట్టి, సిరంజితో పూర్తిగా లాగేసి ఆరనివ్వాలి. తడి మీద పెంకు పొడి చిమ్మితే ముద్దకట్టి మూలల్లో ఇరుక్కుంటుంది.

6. అడాప్టర్ బిగించి, వాక్యూమ్ నడుస్తూ ఉండగా, ఆరేడు బార్ల ఒత్తిడితో పది పదిహేను సెకన్లు చిమ్మాలి. ఆపి, తీసి, చూడాలి. మొదటి విడతకు పొర పైన బూడిద రంగు తేలుతుంది, రెండు మూడు విడతలకు కాడ చుట్టూ లోహం మెరుస్తుంది, వాల్వు వెనుక వైపు నీడలో మాత్రం మసి అలాగే ఉంటుంది. నాజిల్ కోణం మార్చి అక్కడే ఎక్కువసేపు పనిచేయాలి. కళ్లజోడు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. గింజల అలర్జీ ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి.

7. లోపలి పొడిని మొదట వాక్యూమ్‌తో లాగి, తరువాత గాలి ఊది, మళ్లీ వాక్యూమ్ పెట్టాలి. కాడ, గైడు కలిసే చోటా, ఇంజెక్టర్ గూటి అంచులోనూ రేణువులు దాక్కుంటాయి. కెమెరాతో చూసి సంతృప్తి కలిగాకే ఆ పోర్టును మూసి క్రాంక్ తిప్పాలి. తరువాతి సిలిండర్‌కు నాలుగో మెట్టునుంచి మళ్లీ మొదలు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో మండే వరుస సాధారణంగా 1-3-4-2, మూడు సిలిండర్లలో 1-2-3 అయినా, వరుసను నమ్మి కంటితో చూడటం మానేయకూడదు.

8. తిరిగి బిగించేముందు మానిఫోల్డు లోపలి జిడ్డు, థ్రాటిల్ బాడీ రెక్క అంచు తుడవాలి. పీసీవీ భాగం వయసు మీరి ఉంటే ఇప్పుడే మార్చాలి. దానికోసం మళ్లీ ఇంత విప్పడం ఎవరికీ ఇష్టం ఉండదు. కొత్త గ్యాస్కెట్లు వేసి, మాన్యువల్ చెప్పిన క్రమంలో, చెప్పిన టార్క్‌కు బిగించాలి. ప్లాస్టిక్ మానిఫోల్డు బోల్టులకు చాలా తక్కువ టార్క్ సరిపోతుంది. చేతి బలం చూపిస్తే పగులు వచ్చి గాలి లీకవుతుంది.

9. బ్యాటరీ కలిపి, కోడ్‌లు చెరిపి, అవసరమైన బండికి స్కానర్‌తో థ్రాటిల్ అడాప్టేషన్ (థ్రాటిల్ స్థితిని ఇంజిన్ కంప్యూటర్‌కు మళ్లీ నేర్పడం) చేయాలి. మొదటి స్టార్ట్ కొంచెం ఆలస్యంగా, గరగరగా ఉండటం సహజం. ఐదు నిమిషాల్లో ఐడ్లింగ్ స్థిరపడకపోతే, ఈల చప్పుడు వస్తే, ఏదో గొట్టం వదులుగా ఉందని వెతకాలి. ద్రావకం వాడి ఉంటే అది కొంతైనా కిందికి జారే అవకాశం ఉంది గనుక కొన్ని వందల కిలోమీటర్లలోపే ఆయిల్, ఫిల్టర్ మార్చడం మంచిది.

గ్యారేజీలో చేయించేవారు ప్రతి సిలిండర్‌కూ ముందు, తరువాత ఫోటోలు ఇవ్వాలని పని మొదలుకాకముందే చెప్పండి. ఫోటోలో కాడ, తల కలిసే ఒంపు కనిపించాలి. పోర్టు ముఖద్వారం మాత్రమే మెరిసే ఫోటో చూపిస్తే పని సగమే అయినట్టు. వారంటీ ఉన్న బండికి ఈ లక్షణాలు వస్తే మాత్రం బయట ఏమీ విప్పించకుండా, అధీకృత సర్వీసు సెంటర్‌లో ఫిర్యాదును జాబ్ కార్డు మీద రాయించండి. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదు వారంటీ ముగిశాక ఎవరికీ గుర్తుండదు.

శుభ్రం చేసిన తరువాత మొదటి వారం చల్లటి ఉదయాల్లో మిస్‌ఫైర్ లెక్కను మళ్లీ చూడండి. అది సున్నాకు దగ్గరైతే మసే కారణమని తేలినట్టు. వాల్వులు మెరుస్తున్నా వణుకు తగ్గకపోతే ఇంజెక్టర్ చిమ్మే తీరును, కంప్రెషన్‌ను పరీక్షించాలి. సెకండ్‌హ్యాండ్‌లో 70,000 కిలోమీటర్లు తిరిగిన టీఎస్ఐ గానీ జీడీఐ గానీ కొంటున్నవారు ఉదయం యజమాని బండిని వేడి చేయకముందే వెళ్లి, మొదటి స్టార్ట్‌ను స్కానర్ పెట్టుకొని వినాలి, ఆయిల్ మార్చిన బిల్లులు అడిగి వాటి మధ్య దూరం, ఆయిల్ గ్రేడు, ఆమోదం సంఖ్య చదవాలి. బిల్లులు లేని బండి అయితే వాల్వుల శుభ్రతకయ్యే ఖర్చును ధరలోంచి తగ్గించి బేరం మొదలుపెట్టవచ్చు.